కావలివానికి కావలి

కార్ఖానా గేటు దగ్గర నిలబడిన మనిషిని మనలో చాలమంది పట్టించుకోరు. ఆయన చేయి అడ్డం పెట్టి ఆపినప్పుడు మాత్రం ఎక్కడ లేని కోపం వస్తుంది. నేను గుమాస్తాను. హాజరు పట్టీలు, షిఫ్టు చార్టులు వ్రాయడం నా పని. ఆ కాగితాల మీద రోజూ ఆయన పేరు చూస్తూ తెలిసికొన్న నాలుగు మాటలు మన పత్రిక చదివే కుటుంబాల ముందుంచుతున్నాను.

మన ఉప్పర్వాహి సంగతి మీకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఈ రాజురా ప్రాంతం 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలోనిదే. నేడు ఇక్కడ అంబుజా వారి మరాఠా సిమెంటు కర్మాగారం ఉన్నది. మన పిల్లలలో గేటు కాచేవారూ ఉన్నారు, కాపలావారిపై అధికారం చేసేవారూ ఉన్నారు. ఈ మాటలు ఇద్దరికీ పనికివస్తవి.

మొదటిది లెక్క. ఒక గేటుకు ఎనిమిదేసి గంటల షిఫ్టులు మూడు. "అయితే ముగ్గురు చాలరా?" అని అడిగేవారున్నారు. వారానికి 21 షిఫ్టులు. ఒకనాటి సెలవు పోగా మనిషికి ఆరు. ముగ్గురికీ కలిపి 18. మిగిలిన మూడూ ఆ ముగ్గురి నెత్తినే డబుల్ డ్యూటీగా పడతవి. జ్వరాలు, పెండ్లిళ్లు, పొలం పనులు కూడ ఉంటవి గదా! నలుగురు లేనిదే ఒక గేటు సాగదు. పదహారు గంటలు నిలబడినవాడు తెల్లవారుజామున కునికితే అతనికి మెమో ఇస్తారు. న్యాయంగా అది ముగ్గురితో సరిపెట్టమన్నవారికి అందవలసినది.

రెండవది శిక్షణ. కాపలావారి ఉద్యోగ క్షేమాలకై మన మహారాష్ట్రలో 1981లోనే ఒక చట్టం వచ్చినది. దేశమంతటికీ 2005లో ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం వచ్చినది. దాని క్రింద 2006లో కేంద్రం ఇచ్చిన మాదిరి నిబంధనలలో క్రొత్త కాపలాదారుకు 100 గంటల పాఠం, 60 గంటల క్షేత్ర శిక్షణ ఉండవలెనన్నారు. నిప్పు ఆర్పడం, గుంపును అదుపు చేయడం, గుర్తింపు కాగితాలు పరీక్షించడం అందులోనివి. 15 మందికి మించకుండా ఒక సూపర్‌వైజరు ఉండవలెనన్నారు. యూనిఫారమూ లాఠీ ఇచ్చి ఆ రాత్రే గేటుకు పంపితే ఇవన్నీ ఎప్పుడు నేర్చుకొంటాడు?

మూడవది అన్నిటికంటె ముఖ్యం. అది వెన్నుదన్ను. పూర్వం నేను పనిచేసిన ఒకచోట, బయటకు పోయే ప్రతి బండి డిక్కీ తెరిచి చూడవలెనని ఆర్డరు పెట్టారు. ఆసిఫాబాదు వైపునుంచి వచ్చిన ఒక కుర్రవాడు ఒక పెద్ద ఆఫీసరు కారు ఆపి, ఎంతో మర్యాదగా, డిక్కీ తెరవమన్నాడు. ఆఫీసరు తెరవలేదు. మరునాడు ఆ కుర్రవానికి గోడౌను వెనుక రాత్రి డ్యూటీ పడింది. కాగితం మీద "పరిపాలనా సౌకర్యార్థం" అని ఉన్నది. అతడు నా బల్లదగ్గరికి వచ్చి, "సార్, గా ఆర్డరు ఎవరి కోసం రాసిండ్రు?" అని అడిగాడు. నాలుగు రోజులలో ఈ సంగతి గేట్లన్నిటికీ తెలిసింది. ఆ తరువాత ఎవరూ ఏ డిక్కీ తెరవలేదు. రిజిస్టరులో మాత్రం ప్రతి వరుసలోను "తనిఖీ అయినది" అని చక్కగా వ్రాసి ఉండేది. కొన్నాళ్లకు స్టోర్సునుంచి రాగి కేబులు పోయింది. విచారణలో కాపలావారినందరినీ అడిగారు. కుర్రవాణ్ణి గోడౌనుకు పంపిన సంగతి ఎవరూ అడగలేదు.

ఆర్డరు ప్రకారం ఆపినవానిని పదిమంది ముందు మెచ్చుకొనవలెను. పొరపాటు ఉంటే చాటున చెప్పవలెను. పై అధికారి తానే మొదట కారు దిగి డిక్కీ తెరిస్తే, తరువాత వచ్చేవారికి వాదించే నోరు ఉండదు. ఇందుకు పైసా ఖర్చు లేదు.

మన ఇళ్లలో చేయదగినది కూడ ఉన్నది. గేటు దగ్గర అడగకముందే పాసు చూపండి. "నేనెవరో తెలుసా?" అనే మాట పిల్లల చెవిన పడనీయకండి. ఆయనను "అన్నా" అని పిలవడం వారికి నేర్పండి. అర్ధరాత్రి మనం తలుపు వేసికొని నిద్రపోయే వేళ మేలుకొని ఉండేది ఆయనే.