ఇనుముతో కుట్టిన బట్టలు

"అంత బరువు ఎలా మోస్తారండీ?" నేను పాతకాలపు యూరప్ కవచాలు చేసుకుని తొడుక్కుంటానని ఎవరితో అన్నా మొట్టమొదట వచ్చే ప్రశ్న ఇది. రండి, ఆ కుర్చీ హీటర్ దగ్గరికి లాక్కుని కూర్చోండి. ముందు ఈ బరువు సంగతి తేల్చేసుకుందాం.

పదిహేనో శతాబ్దంలో యుద్ధానికి వెళ్ళే వీరుడు నిలువెల్లా తొడుక్కున్న ఉక్కు కవచం మామూలుగా 20 నుంచి 25 కిలోలు తూగేది. ఈ రోజుల్లో సైనికుడు వీపున వేసుకుని నడిచే సామాను చాలాసార్లు ఇంతకు మించే ఉంటుంది. ఆ సామానంతా భుజాల మీద వేలాడుతుంది. కవచం అలా వేలాడదు. చేతి బరువు చేతిది, కాలి బరువు కాలిది, ఛాతీ పలక నడుము దగ్గర ఆనుకుంటుంది. వీరుణ్ణి క్రేనుతో పైకెత్తి గుర్రం మీద దించేవాళ్ళని చాలామంది నమ్ముతారు. 1944లో లారెన్స్ ఒలివియే తీసిన 'హెన్రీ ద ఫిఫ్త్' సినిమా చూసినవాళ్ళకి ఆ దృశ్యం కళ్ళలో ఉండిపోతుంది. చరిత్రలో దానికి ఆధారం లేదు.

ఉన్న ఆధారం దీనికి పూర్తిగా వ్యతిరేకం. బూసికో అని ఫ్రాన్సులో పెద్ద సేనాని ఉండేవాడు. 1415లో అజాంకూర్ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళకి పట్టుబడి, వాళ్ళ దేశంలోనే 1421లో కన్నుమూశాడు. ఆయన బతికుండగానే ఆయన చరిత్ర రాశారు. పడుచుతనంలో ఏం సాధన చేసేవాడో అందులో ఉంది. హెల్మెట్ ఒక్కటి తీసి, తక్కిన కవచమంతా ఒంటి మీద ఉండగా పిల్లిమొగ్గ వేసేవాడట. గోడకి ఆనించిన నిచ్చెనని అడుగు వైపు నుంచి పట్టుకుని, కాళ్ళు తగలకుండా చేతులతోనే పైదాకా ఎక్కేవాడట, అదీ ఉక్కు చొక్కాతో. ఈ కాలపు పరిశోధకులు దీన్ని వట్టి పొగడ్త అని కొట్టిపారేయలేదు. స్విస్ పరిశోధకుడు డానియెల్ జాకే అచ్చం ఆ కాలపు కవచానికి నకలు చేయించుకుని, తొడుక్కుని, పరుగెత్తి, నిచ్చెనలెక్కి చూపించాడు.

అలాగని అది దూదిపింజ అని చెప్పను. 2011లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు కవచాలు తొడిగిన మనుషుల్ని ట్రెడ్‌మిల్ మీద నడిపించి, ఎంత శక్తి ఖర్చవుతోందో కొలిచారు. మామూలు నడకకి రెండింతల పైనే. కారణం కాళ్ళు. వీపున మూట ఉంటే అది ఒకచోట కుదురుగా ఉంటుంది. కాలికి ఇనుము కడితే ప్రతి అడుగుకీ ఆ ఇనుముని కూడా ఎత్తి ముందుకు ఊపాలి. ఇక ఛాతీ పలక గుండెల నిండా గాలి పీల్చుకోనివ్వదు, పైపైన గబగబా ఊపిరి తీయాలి. ఇది నేను స్వయంగా ఎరుగుదును. హెల్మెట్ ముసుగు దించగానే బయటి చప్పుళ్ళన్నీ దూరమైపోయి, మన ఊపిరి మన చెవుల్లోనే హోరెత్తుతుంది.

మరి అదే 25 కిలోలు ఒకడికి నరకంగా, ఇంకొకడికి పిల్లిమొగ్గ వేసేంత సుఖంగా ఎలా ఉంటాయి? ఇక్కడే నాకు గట్టి అభిప్రాయం ఉంది. కవచాన్ని ఆయుధాల లెక్కలో వేయకూడదు, బట్టల లెక్కలో వేయాలి. ఒక్క మనిషి ఒంటికి కొలత తీసి, ఆ ఒంటికే కోసి, ఆ ఒంటి మీదే సరిచూసిన బట్ట అది. అన్నదమ్ములైనా ఒకరిది ఒకరికి పట్టదు. కొలత అక్కర్లేకుండా కవచం దొరికినవాడు మన కర్ణుడొక్కడే. తక్కినవాళ్ళంతా కొలతలిచ్చి చేయించుకోవలసిందే.

అందుకే ఈ పని ఇనుముతో మొదలవదు. సూదీ దారంతో మొదలవుతుంది. కవచం లోపల వేసుకునే దళసరి దూది చొక్కా ముందు కావాలి. పైన పడే దెబ్బని మింగేది అదే, రేకు ఒరుసుకోకుండా కాపాడేది అదే. నేను నారబట్ట పరిచి మధ్యలో దూది దట్టించి నిలువు కుట్లు వేస్తుంటే, ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చిన మా అత్తయ్యగారు పక్కనే కూర్చుని చూశారు. "బొంత కుడుతున్నావేమిటి బాబూ?" అన్నారు. బొంతేనండీ అన్నాను. "అయితే కుట్టు అలా కాదు, దూది అంతా కిందకి జారుతుంది" అని నా చేతిలోది లాక్కుని, రెండు కుట్ల మధ్య వేలెడు ఎడం చాలని చూపించి, ఎడమ చెయ్యంతా ఆవిడే కుట్టి పెట్టారు. ఆవిడ చెప్పిన ఎడం అక్షరాలా సరైనది. ఇక పొరల సంగతంటారా, ఫ్రాన్స్ రాజు పదకొండో లూయీ సైనికులకి నిర్ణయించిన ఇలాంటి చొక్కాకి 30 పొరల బట్ట, తక్కువలో తక్కువ 25 పొరలు, పైన లేడి తోలు ఉండాలి. డబ్బులేని సైనికుడికి చాలాసార్లు అదే మొత్తం కవచం.

పదిహేనో శతాబ్దపు ఇంగ్లీషు చేతిరాత ప్రతి ఒకటి న్యూయార్క్ మోర్గాన్ గ్రంథాలయంలో ఉంది. కాలినడకన ద్వంద్వయుద్ధానికి దిగే మనిషిని ఇబ్బంది లేకుండా ఎలా సిద్ధం చేయాలో అందులో వరసగా రాసి ఉంది. అది చదివితే దర్జీ పక్కన నిలబడి చెబుతున్నట్టే ఉంటుంది. చొక్కాకి లోపల నిండా చిల్లులు పెట్టిన శాటిన్ వేయాలి. చంకల్లో, మోచేతి మడతల్లో ఇనుప రింగులు అల్లిన గొలుసు ముక్కలు కుట్టాలి. కవచం ముక్కల్ని చొక్కాకి కట్టే తాళ్ళు, అడ్డవిల్లుకి అల్లే దారంతో పేని, చెప్పులు కుట్టేవాళ్ళ మైనం పట్టించాలి. మోకాళ్ళు ఒరుసుకోకుండా పల్చటి కంబళి ముక్కలు చుట్టాలి. బూటు అడుగున జారకుండా ముడులున్న తాడు కుట్టాలి. ఇంత శ్రద్ధ అంతా ఇనుము తగిలించక ముందే. ఆ కంబళి ముక్కల గురించి రాసినవాడు ఎవడోగాని మోకాళ్ళు కొట్టుకుపోయిన మనిషే అయ్యుంటాడని నా నమ్మకం.

ఇక ఇనుము దగ్గరికి వద్దాం. కొలిమీ నిప్పురవ్వలూ ఊహించుకోకండి. మాలాంటి వాళ్ళం చేసే పనిలో చాలాభాగం చల్లటి రేకు మీద సుత్తితోనే. మోకాలి తొడుగు చెబుతాను, అది తెలిస్తే సగం విద్య తెలిసినట్టే.

ముందు అట్టముక్కతో నమూనా. కాలికి పెట్టుకుని, వంగి, కూర్చుని, మోకరిల్లి చూసి, అట్ట ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ కత్తిరించాలి. ఈ పనికి ఎంత ఓపిక పడితే అంత ఇనుము మిగులుతుంది. తర్వాత ఒకటిన్నర మిల్లీమీటర్ల మెత్తటి ఉక్కు రేకు మీద గీసి, కోసి, అంచులు ఆకురాయితో రుద్దాలి. చెట్టు మొద్దు పైన దోసెడు గుంట తొలిచి ఉంచుకుంటాం. రేకుని ఆ గుంట మీద పెట్టి, గుండ్రటి మూతి సుత్తితో అంచు నుంచి లోపలికి వరసలు వరసలుగా కొట్టుకుంటూ పోతే రేకు మెల్లగా గిన్నెలా దిగుతుంది. దిగుతుంటే అంచుల్లో ముడతలు పడతాయి. ముడత మడతగా మారకముందే దాన్ని కొట్టి అణిచేయాలి. మడతపడితే ఆ రేకు తుక్కులోకే.

కాసేపటికి చప్పుడు మారుతుంది. మొదట మొద్దుగా వినిపించేది ఇప్పుడు ఖంగుమంటుంది, సుత్తి వెనక్కి తన్నుతుంది. దెబ్బలు తిని తిని ఉక్కు బిరుసెక్కిందన్నమాట. అప్పుడు ఎర్రగా కాల్చి బూడిదలో మెల్లగా చల్లారనిస్తే మళ్ళీ మెత్తబడుతుంది. ఆకారం వచ్చాక గుండు దాగలి మీద బోర్లించి, నున్నటి సుత్తితో సొట్టలన్నీ సాపు చేయాలి. ఇదంతా చెవుల్లో బిరడాలు పెట్టుకునే సుమండీ, ఆ ఒక్కటీ మర్చిపోకండి.

గిన్నె తయారైనంత మాత్రాన మోకాలు వంగదు. దాని పైనా కిందా సన్నటి పట్టీలు, ఒకదాని మీదికి ఒకటి జరిగేలా రివెట్లతో కలపాలి. ఆ రివెట్టు సరిగ్గా మన మోకాలి కీలు ఉన్నచోటే పడాలి. వేలెడు అటైనా ఇటైనా మోకరిల్లినప్పుడు తొడుగు పిక్కలోకి దిగబడుతుంది. రివెట్టు మరీ బిగిస్తే పట్టీ కదలదు, వదులైతే గిలకలాడుతుంది. దానికో చిట్కా ఉంది: రెండు రేకుల మధ్య పల్చటి అట్టముక్క పెట్టి రివెట్టు బిగించి, తర్వాత అట్టని లాగేయడం. ఆ అట్ట మందమే కదలికకి చోటు. తొడుక్కుని మెట్లు దిగినప్పుడు చప్పుడు లేకుండా జారే ఆ పట్టీల్ని చూసుకోవడంలో ఉన్న సంతోషం కోసమే చలికాలమంతా గ్యారేజీలో గడిపేస్తాను.

గొలుసు చొక్కా సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒక్కొక్క రింగూ నాలుగు రింగుల్లోంచి పోవాలి, చొక్కాకి వేల రింగులు పడతాయి. టీవీ చూస్తూ చేసుకోగల పని. తొడుక్కున్నాక నడుముకి బెల్టు బిగించి, పైభాగం కాస్త ఎత్తి వదులు చేస్తే బరువు భుజాల్ని వదిలి నడుము మీదికి దిగుతుంది.

ఇలాంటి అభిరుచిలో అందరి కళ్ళూ రాజుల కవచాల మీదికే పోతాయి. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీకి 1520లో చేసిన కాలినడక పోరు కవచంలో 235 ముక్కలున్నాయి. ఒళ్ళంతా ఎక్కడా సందు కనబడదు. గొప్ప పనే, ఒప్పుకుంటాను. కానీ నా మనసు పడింది స్వీడన్‌లోని గాట్లండ్ దీవి రైతుల కవచాల మీద. 1361 జులైలో డెన్మార్క్ రాజు వాల్డెమార్ సైన్యం విస్బీ పట్టణం గోడల బయట ఆ రైతుల్ని ఊచకోత కోసింది. ఎండాకాలం. శవాలు పాడవుతున్నాయని ఒంటి మీదివి ఒలవకుండానే గోతుల్లో పూడ్చేశారంటారు. 1905 నుంచి విడతలు విడతలుగా తవ్వితే 1,100 మందికి పైగా ఎముకలు దొరికాయి. కుర్రాళ్ళు, ముసలివాళ్ళు, కుంటివాళ్ళు కూడా ఉన్నారు. కాళ్ళ మీద గాయాలు ఎక్కువ.

వాళ్ళ ఒంటి మీద ఉన్నది తోలు చొక్కాకి లోపలి వైపు ఇనుప పలకలు రివెట్లు కొట్టిన కవచం. బయటికి రివెట్ల తలలు తప్ప ఏమీ కనిపించవు. అప్పటికే పాతబడ్డ రకం. తోలు మట్టిలో కలిసిపోయినా పలకలు వరస చెదరకుండా ఉన్నాయి. బెంగ్ట్ థోర్డెమాన్ అనే పండితుడు ఆ పలకలన్నిటికీ బొమ్మలు గీయించి 1939లో పుస్తకం తెచ్చాడు. ఈ రోజుకీ కొత్తగా చేరేవాళ్ళం ఆ బొమ్మల్నే అట్ట మీదికి ఎక్కించుకుని మొదటి కవచం చేసుకుంటాం. ఎందుకంటే అది నిజంగా సులువు. బల్లపరుపు పలకల్ని కాస్త వంచడం, చిల్లులు పొడవడం, తోలుకి బిగించడం, అంతే. ఆ పలకలు ఒక్కొక్కటే బిగిస్తున్నప్పుడు, పొలం పని చేసుకునే మనిషి ఊరి కమ్మరి దగ్గర దీన్ని భుజానికి ఆనించి చూసుకుని ఉంటాడన్న ఆలోచన నన్ను వదలదు. రాజు కవచం చూస్తే నాకు పనితనం కనిపిస్తుంది, దీంట్లో మనిషి కనిపిస్తాడు.

చేసుకున్నది తొడుక్కుని ఎక్కడికి వెళ్తారని అడుగుతారు కదా. 1966 మే ఒకటిన కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఒక విద్యార్థిని ఇంటి పెరట్లో జరిగిన వేడుకలోంచి సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం పుట్టింది. మా పిట్స్‌బర్గ్‌కి ఉత్తరాన గంట దూరంలో, ఏటా వేసవిలో రెండు వారాల పాటు పెన్సిక్ అనే జాతర వాళ్ళదే. దాదాపు పదివేల మంది గుడారాలు వేసుకుని ఉంటారు. పోరాటం నిజంగానే జరుగుతుంది, కత్తికి బదులు పేము కర్రతో. హెల్మెట్ రేకు మందం 1.6 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, ముఖం ముందు కడ్డీల మధ్య అంగుళం మందం పుల్ల దూరకూడదు. ఇవన్నీ చూశాకే బరిలోకి వదులుతారు.

నన్ను పూర్తిగా కట్టిపడేసింది వాళ్ళ మరో నియమం. దెబ్బ తగిలిందా లేదా అని తేల్చేది రిఫరీ కాదు, తిన్నవాడే. "ఇది నిజం కత్తైతే నా పని అయిపోయేదే" అని తనకి తాను అనుకుంటే పడిపోతాడు. ఎవరూ చూడకపోయినా పడిపోతాడు. చేతికి తగిలితే ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుని పోరాడతాడు. ఏ ఆటలోనూ ఇంత మర్యాద నేను చూడలేదు.

ఈ కవచాలు యూరప్‌వే అయినా, ప్రపంచమంతా కొనుక్కునే నకలు కవచాల్లో మంచి వాటా మన భారతదేశంలోనే తయారవుతుంది. డెహ్రాడూన్‌లో, మీరట్‌లో తరాల నుంచి ఈ పని చేసే కర్మాగారాలున్నాయి. ఇక్కడ అమెరికాలో ఒంటి మీద కనిపించే రివెట్ల గొలుసు చొక్కాల్లో చాలావాటి రింగులు అక్కడి పనివాళ్ళ చేతిలోనివే. మన పాత పద్ధతి కూడా చూడదగ్గది. రేకు మీద రేకు జరిగేలా యూరప్‌వాళ్ళు చేస్తే, మనవాళ్ళు చిన్న చిన్న పలకల్ని గొలుసుతో కలిపి అల్లారు. ఎండకి, గాలికి ఇదే మేలు. మద్రాసు గవర్నరు భార్య లేడీ క్లైవ్ 1801లో ఇంగ్లండు పట్టుకెళ్ళిన ఏనుగు కవచం అలాంటిదే. అది ఇప్పుడు లీడ్స్ మ్యూజియంలో ఉంది, మిగిలిన ముక్కలే 118 కిలోలు. హైదరాబాదులో ఉన్నవాళ్ళు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి వెళ్ళినప్పుడు కత్తుల దగ్గరే ఆగిపోకుండా కవచాల అంచులూ, కట్టుకునే పట్టీలూ దగ్గరగా చూడండి.

మీకూ చెయ్యి దురద పుడితే, ఛాతీ కవచం, మోకాళ్ళు, మోచేతులు చేసుకోండి, హెల్మెట్ మాత్రం చెయ్యి తిరిగినవాళ్ళ దగ్గర కొనుక్కోండి. తల విషయంలో ప్రయోగాలొద్దు. వీపు మీది బకిళ్ళు ఎవరికి వాళ్ళు బిగించుకోలేరు కాబట్టి తోడు ఒక మనిషిని చూసుకోండి. తుప్పు పట్టకుండా తొడుక్కున్న ప్రతిసారీ చెమట తుడిచి నూనె రాయండి. ఇక కొలతలంటారా, ముందు ఆ బొంత చొక్కా కుట్టుకుని, అది వేసుకుని, దాని మీంచి తీసుకోండి.