వంట లేని వారం

అమ్మాయి బలవంతం మీద సియాటిల్ నుంచి అలాస్కాకి ఏడు రోజుల ఓడ ప్రయాణం చేశాను. కడుపులో తిప్పడం, ఎక్కడ చూసినా జనం, పారబోసే తిండి చూసి బాధ, అన్నీ ఉన్నాయి. జూనో దగ్గర మెండెన్‌హాల్ హిమానీనదమూ చూశాను. కానీ ముప్పై ఐదేళ్లలో మొదటిసారి ‘రేపేం వండాలి’ అనుకోకుండా నిద్రపోవడమే నాకు దక్కిన అసలు సుఖం.

మా గది సర్దే ఫిలిప్పీన్స్ అమ్మాయి మూడేళ్ల కొడుకుని తల్లి దగ్గర వదిలి తొమ్మిది నెలల ఒప్పందం మీద వచ్చిందట. వారానికి ఏడు రోజులూ పనే. విదేశీ జెండాతో తిరిగే ఓడల సిబ్బందికి అమెరికా కనీస వేతన చట్టం వర్తించదు.

చివరి రోజు నా పక్క నేనే సర్దుకోబోతే, “వద్దు మేడమ్, నాకు మాటొస్తుంది” అంది.

ఆ విశ్రాంతిని నేను కాదనలేను. నేను దించుకున్న చాకిరీని ఆమె తలకెత్తుకుందన్నదీ మరవలేను.