నల్లమట్టిలో గాజు పోగులు

వార్సాలో నేను చేసేది ఫైబర్ పని. ఇళ్లకూ ఆఫీసులకూ ఇంటర్నెట్ తెచ్చే కేబుల్‌ని విప్పి, లోపలి పోగుల పై పొర ఒలిచి, కొసలు కోసి, స్ప్లైసింగ్ మిషన్‌లో పెట్టి అతికిస్తాం. పోగు మందం పావు మిల్లీమీటరు. పై పొర ఒలిచేశాక మిగిలే గాజు అందులో సగమే. దాని ముక్క వేలిలో దిగితే కంటికి ఆనదు, నొప్పి మాత్రం రెండు రోజులు వదలదు. అందుకే ఈ పనిలోకి వచ్చినవాళ్లకు మొట్టమొదట తుక్కు ఏరడం నేర్పుతారు. కళ్లకు అద్దాలు, ముక్కలకు మూతున్న డబ్బా తప్పనిసరి. ఆ బల్ల దగ్గర తిండి ముట్టుకోకూడదు. గోరంత ముక్క కింద పడినా టేపుతో అద్ది తీసి డబ్బాలో వేస్తాం.

అదే పోగు ఇప్పుడు తూర్పు ఉక్రెయిన్ పొలాల్లో కిలోమీటర్ల కొద్దీ పడి ఉంది.

రేడియో సిగ్నల్‌తో నడిచే డ్రోన్‌ని జామర్లు పెట్టి అడ్డుకోవచ్చు. ఆ బెడద లేకుండా 2024లో రష్యా సైన్యం డ్రోన్‌కి ఫైబర్ చుట్ట తగిలించి వదలడం మొదలుపెట్టింది. కొన్ని నెలలకే ఉక్రెయిన్ కూడా అదే దారి పట్టింది. డ్రోన్ ముందుకు పోతుంటే చుట్టలోంచి పోగు వదులవుతూ చేల మీద, చెట్ల మీద, కరెంటు తీగల మీద వాలుతుంది. కెమెరా చూసేదంతా ఆ పోగులోంచే నడిపేవాడికి చేరుతుంది. 10 కిలోమీటర్ల పోగు తూచినా కిలో ఉండదు కాబట్టి చుట్టలు 20 కిలోమీటర్లకూ, ఆపైకీ పెరిగాయి. పోయిన డ్రోన్ తిరిగి రాదు. అది తగిలినా తప్పినా అంత పొడుగు గాజూ రైతు నెత్తినే పడుతుంది. యుద్ధాలు తీగలు వదిలిపోవడం కొత్తేమీ కాదు. 1973లో సైనాయ్‌లో ఈజిప్టు సైనికులు పేల్చిన మాల్యూత్కా క్షిపణులు కూడా తీగ లాక్కుంటూ వెళ్లినవే. అది ఇసుక ఎడారి, ఇది పంటభూమి.

మా ఆఫీసులో డ్రాయింగులు గీసే అమ్మాయిది ఖార్కివ్ వైపు. వాళ్ల నాన్న ఇజ్యూం దగ్గర గోధుమ, పొద్దుతిరుగుడు వేస్తాడు. 2022లో ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా రష్యా సేనల చేతిలో నలిగిన ఊరది. మందుపాతరల భయం అప్పటినుంచీ ఉన్నదే, దాని మీద ఇప్పుడు ఈ పోగులు. కోతల రోజుల్లో ఆయనతో వీడియో కాల్‌లో మాట్లాడాను, కూతురు మధ్యలో ఉండి మాట అందించింది. పెద్దాయన మాటలకంటే ముందు ఫోన్‌ని హార్వెస్టర్ వైపు తిప్పాడు. పువ్వుల మీదుగా సాగి ఉన్న పోగు కోతతో పాటు లోపలికి పోయి, తిరిగే ఇరుసుకి వేల చుట్లు చుట్టుకుని, గట్టిగా బిగిసి ఉంది. ఎండ తగిలిన వైపు తళతళలాడుతోంది. పైపైన కత్తితో కోసేయొచ్చు. బేరింగు సీలు లోపలికి దూరినదాన్ని తీయాలంటే మాత్రం మొత్తం విప్పాల్సిందే. గంట కోస్తే అరగంట విప్పుకోవడానికే పోతోందన్నాడు.

"మిషను సంగతి నేను చూసుకుంటానయ్యా. ఆ పోగు కొసన ఏముందో ఎవరు చెప్పాలి?" అని అడిగాడు.

కొసన పేలని డ్రోన్ ఉండొచ్చు. పోగు లాగితే అది కదలొచ్చు. మందుపాతరలు ఏరేవాళ్లకూ ఇదే చిక్కు. గడ్డిలో సన్నగా మెరిసేది ఫైబరో, తగిలితే పేలే తీగో దగ్గరికి వెళ్లి చూస్తేగాని తేలదు. పాతరలు ఉండొచ్చని ఉక్రెయిన్ అనుమానిస్తున్న నేల తెలంగాణ మొత్తం కంటే పెద్దది. అందులో ప్రతి పోగు దగ్గరా ఆగి చూసుకుంటూ పోవాలంటే ఎన్నేళ్లు పడుతుందో!

2025లో పిట్టలు ఫైబర్ పోగులతో అల్లుకున్న గూళ్ల ఫొటోలు సైనికులు పెట్టారు. చాలామంది వాటిని ముచ్చటగా చూశారు. నాకు ముచ్చట కలగలేదు. సంక్రాంతి వెళ్లాక హైదరాబాద్ చెట్లకు వేలాడే చైనా మాంజా పక్షులను ఏం చేస్తుందో మనం చూస్తూనే ఉన్నాం. ఆ గూటిలో పిల్ల కాలికి పోగు చుట్టుకుంటే విప్పేవాళ్లెవరు?

తగలబెట్టేస్తే పోతుందా అని పెద్దాయన అడిగాడు. వద్దన్నాను. కాలేది పై పొర ప్లాస్టిక్ మాత్రమే. దాని పొగ మంచిది కాదు, గాజు ఎలాగూ కాలదు. పై పొర పోయిన గాజు ఇంకా పెళుసై, ముక్కలై మట్టిలో కలిసిపోతుంది. ఇది కుళ్లేదీ కాదు, తుప్పు పట్టేదీ కాదు. పాతరలవాళ్లు చూసి సరే అన్న చోటే ముట్టుకోవాలనీ, లాగకుండా కత్తిరించాలనీ, చేతికి మందపాటి తొడుగులు, కంటికి అద్దాలు ఉండాలనీ చెప్పాను. మూతున్న డబ్బా మాట మాత్రం ఎత్తలేదు. ఆయన పొలానికి సరిపోయే డబ్బా ఎక్కడుంది?

యుద్ధానికి ముందు మన దేశం కొనే సన్‌ఫ్లవర్ నూనెలో అధిక భాగం ఉక్రెయిన్‌దే. 2022లో ధర ఎగిరినప్పుడు కర్నూలు నుంచి మా అమ్మ ఫోన్ చేసి, ఈ యుద్ధం మన బాణలి దాకా వచ్చిందిరా అంది. మనం తిన్న పంట పండించిన రైతుల కష్టం మనకు పరాయిది ఎలా అవుతుంది?

పోరు ముగిశాక పేలని మందుగుండు తొలగించే బాధ్యత ఎవరిదో 2003 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఒకటి చెబుతుంది. ఫైబర్ పేలదు, అందుకని ఆ లెక్కలో లేదు. ఉండాలంటాను నేను. ఆ నేలను బాగుచేయడానికి దేశాలు ఇచ్చే డబ్బులో పోగులు ఏరే కూలీకి, యంత్రాలకి, ఏరిన తుక్కు ఎక్కడ వేయాలన్నదానికి కూడా విడిగా వాటా రాయాలి. ఇప్పుడైతే ఆ ఖర్చంతా రైతుదే.

పెద్దాయన ఏరిన పోగులన్నీ పాత డ్రమ్ములకు ఎత్తి కొట్టంలో పెట్టాడు. వాటిని ఎవరికి అప్పగించాలో ఊళ్లో ఎవరూ చెప్పడం లేదు. రోడ్డు వైపు చెక్కలో ఈసారి విత్తనం వేయడం లేదట. అది కౌలు భూమి, వేసినా వేయకపోయినా కౌలు మాత్రం కట్టాలి.