కుడి నుంచి చదివిన చెట్టు

మగ్‌రిబ్ చదువుకొని ఇంటికొచ్చేసరికి మా బేటీ చాప మీద కాగితాలు పరుచుకొని కూసున్నది. కళ్లు ఎర్రగ ఉన్నయి. డేటా స్ట్రక్చర్స్ పేపర్ ఒకసారి పోయింది, మల్ల ఎల్లుండి నిజామాబాద్‌ల పరీక్ష. "ఈసారి గూడ పోతే చదువు బంద్, రిష్తా చూద్దాం" అని నోరు జారింది నేనే. ఆ రోజు సంది నాతోని సరిగ మాట్లాడుత లేదు.

పక్కన కూసొని "ఏం సమజైత లేదు బేటా?" అన్న. "బైనరీ సెర్చ్ ట్రీ." నాకు తెల్సినయి వేపచెట్టు, చింతచెట్టు. "నాకు సమ్‌ఝాయించు" అన్న.

మా అబ్బాజాన్ బోధన్ షక్కర్‌నగర్‌ల కాంటా దగ్గర పనిచేసినోడు. 1937ల పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌ల మూతపడ్డది గని, మా ఇంట్ల హిసాబంతా ఇప్పటికీ చెరుకు బండ్లతోనే. "నంబర్లు బండ్లనుకో" అన్న. బేటీ పెన్ను తీసింది.

మొదలు 45 వచ్చింది. అదే జడ్. తర్వాత 20: తక్కువ, ఎడమకు. 70: ఎక్కువ, కుడికి. 30 వస్తే మల్ల జడ్ నుంచే సవాల్: 45 కన్నా తక్కువ, ఎడమకు పో, అక్కడ 20 ఉన్నది, దానికన్నా ఎక్కువ, దాని కుడికి కూసో. అట్లనే 10, 60, 90. వెతికేటప్పుడు గూడ అదే రాస్తా. 60 కావాల్నంటే 45, 70, 60, మూడు చూపులే. ఎడమదిక్కు ముట్టుకునే పనే లేదు.

"మరి బండ్లు 10, 20, 30 అని వరుసగనే వస్తే?" అన్న, ఊకెనే. బేటీ ఆగిపోయింది. గీసి చూసింది. అన్నీ కుడికే! చెట్టు కాదు, సీజన్ల ఫ్యాక్టరీ గేటు ముందటి లైన్. వెయ్యి నంబర్లుంటే ఆఖరుదాని కోసం వెయ్యి చూడాలె. అదే చెట్టు రెండుదిక్కుల బరాబర్ పెరిగితే పది చూపులు చాలు. "పోయినసారి నేను రాయంది ఇదే అబ్బూ" అన్నది మెల్లగ. ఒరిగిన చెట్టును తిప్పి సరిజేసే తర్కీబ్ 1962ల అడెల్సన్-వెల్స్కీ, లాండిస్ అనే ఇద్దరు రష్యావాళ్లు చెప్పిండ్రట. అందుకే ఏవీఎల్ ట్రీ.

ఇగ చదువుడు. ఎడమ కొమ్మ మొత్తం, తర్వాత నడిమిది, తర్వాత కుడి కొమ్మ. ప్రతి కొమ్మల గూడ అదే కాయిదా. 10, 20, 30, 45, 60, 70, 90. తస్బీ దానాల లెక్క వరుసగ వచ్చినయి. దీన్ని ఇన్‌ఆర్డర్ అంటరు.

అంతల అమ్మీ చాయ్ తెచ్చింది. ఆమెకు ఉర్దూ తప్ప వేరే చదువు రాదు. ఐనక్ పెట్టుకొని, కాగితం కుడి అంచు మీద వేలు పెట్టి ఎడమకు జరుపుకుంట చదివింది: నవ్వే, సత్తర్, సాఠ్, పైంతాలీస్, తీస్, బీస్, దస్.

బేటీ ఫక్కున నవ్వింది. "దాదీ ఉల్టా ఇన్‌ఆర్డర్ చేసింది! కుడి నుంచి మొదలువెడితే పెద్దది నుంచి చిన్నదానికి వస్తయి." అమ్మీకి ఏం సమజ్ కాలె గని ఆమె గూడ నవ్వింది.

"ఆ రిష్తా మాట మాఫ్ చెయ్ బేటా" అన్న.

తల ఎత్తలే. 45 మీద అడ్డంగ గీత కొట్టి, "జడ్‌నే తీసేస్తే దాని జాగల ఎవరు కూసుంటరు అబ్బూ?" అన్నది. నేను 70 మీద వేలు పెట్టిన.

"గలత్," అన్నది. "కుడిదిక్కుల అందరికన్న చిన్నది. 60."