రాయవేలూరు, గుడియాత్తం – పాత లెన్సు వెంట ఒక ప్రయాణం

మన ఇళ్ళల్లో ఎన్నో బీరువాల్లో పట్టుచీరల అడుగున ఒక పాత ఫిల్ము కెమేరా ఉంటుంది. అది మూలపడినా, దాని ముందున్న లెన్సు మాత్రం ఇంకా పనికొస్తుందని చాలామందికి తెలియదు. కీర్తిశేషులు మా పెదనాన్నగారు వాడిన 58 మిల్లీమీటర్ల సోవియట్ లెన్సు, హీలియోస్ 44-2, ఒక్కదాన్నే కొత్త డిజిటల్ కెమేరాకు బిగించుకుని మా వైపు ఊళ్ళు తిరిగివచ్చాను.

బిగించడం ఎలాగంటారా? ఈ లెన్సు వెనుక 42 మిల్లీమీటర్ల మర ఉంటుంది. దాని అంచు నుంచి ఫిల్ముకు 45.46 మిల్లీమీటర్ల దూరం ఉండాలి. లోపల అద్దం లేని సోనీ కెమేరాలో ఆ దూరం 18 మిల్లీమీటర్లే. మిగిలిన 27.46 మిల్లీమీటర్లను పూరించే బోలు లోహపు కడియమే అడాప్టరు. అందులో గాజు ఉండదు. 1959 నాటి నికాన్ ఎఫ్ అమరికలో మాత్రం ఆ దూరం 46.5. అక్కడ ఈ లెన్సు తగినంత దగ్గరకు చేరలేదు కనుక, అడాప్టరులో అదనపు గాజు లేకపోతే దూరపు కొండలు మసకబారతాయి.

ఇంకొక్క మాట. లెన్సులో విద్యుత్తు లేదు గనుక కెమేరా దాన్ని గుర్తించదు. మెనూలో 'లెన్సు లేకున్నా షట్టరు పనిచేయాలి' అన్న ఏర్పాటు ముందే చేసుకోవాలి. ఫోకసు, అపర్చరు మన వేళ్ళ పని. వెలుగు లెక్క మాత్రం కెమేరాయే చూసుకుంటుంది.

మొదటి మజిలీ రాయవేలూరు కోట. 16వ శతాబ్దపు విజయనగర కాలం నాటి ఈ కోటలో గుడి, మసీదు, చర్చి మూడూ ఉన్నాయి. 1806 జూలై 10న సిపాయిలు తిరగబడింది ఇక్కడే. చిన్న సెన్సారు మీద 58 మిల్లీమీటర్ల లెన్సు 87 మిల్లీమీటర్ల దానిలా చూస్తుంది. కందకంతో సహా కోటంతా ఒక్క ఫోటోలో పట్టదు. కనుక నడవాలి, ఒక్కొక్క రాయినీ చూడాలి. జలకంఠేశ్వరాలయం కల్యాణమండపంలో యాళి స్తంభాల ముందు నిలబడితే ఆ ఇరుకే వరమనిపించింది. శిల్పి ఉలి గీసిన గీతలన్నీ దక్కాయి. ఎండకు ఎదురుగా తీస్తే మాత్రం పాత గాజుపూత తట్టుకోలేక బొమ్మ తెల్లబోతుంది. అరచెయ్యి అడ్డం పెట్టుకుంటే చాలు.

అక్కడినుంచి గుడియాత్తం. కౌండిన్యానది ఒడ్డున వైశాఖంలో జరిగే గంగమ్మ శిరస్సు ఉత్సవానికీ, చేనేత లుంగీలకూ, అగ్గిపెట్టెలకూ పేరున్న ఊరు. 1954లో కామరాజ్‌గారు ఉపఎన్నికలో గెలిచింది ఇక్కడినుంచే. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు జిల్లా విడిపోయింది గానీ, ఇక్కడి ఇళ్ళలోంచి తెలుగు విడిపోలేదు.

మా పెద్దమ్మ ఇంట్లో గుంటమగ్గం ఇంకా ఆడుతోంది. నేసే అన్నయ్యకు మోకాళ్ళనొప్పులు. పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. ఈ పడుగు అయిపోతే మగ్గం విప్పేస్తామన్నారు. గదిలో ఒక్క కిటికీ, అరకొర వెలుతురు. అపర్చరు పూర్తిగా తెరిచాను. అంతగా తెరిస్తే పదును నిలిచే మేర వేళ్ళ లెక్కలో ఉంటుంది. కెమేరా తెరమీద బొమ్మను పెద్దది చేసుకుని, పోగులు విడివిడిగా కనిపించేదాకా రింగు మెల్లగా తిప్పాను. నాడె పోయివచ్చే లయ తెలిస్తేనే ఏ క్షణాన నొక్కాలో తెలుస్తుంది. అందుకని చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా వచ్చిపోతున్నా ఆ పనిని అంతసేపు చూసింది అప్పుడే.

ఫోటో అంటే మొహం తిప్పుకునే పెద్దమ్మ లెన్సును చేతిలోకి తీసుకుంది. "ఇది మీ పెదనాయన అద్దం గదా నాయనా! మీ అన్నకు పుట్టెంటికలు తీసినప్పుడు దీంతోనే ఫోటో తీసినాడు" అంది. తర్వాత కొంగు సర్దుకుని, పిలవకుండానే వచ్చి మగ్గం పక్కన కూర్చుంది.

మీరూ ప్రయత్నిస్తారా? ముందు లెన్సును వెలుతురుకు పట్టి లోపల సాలెగూడులాంటి బూజు ఉందేమో చూడండి. ఉంటే సొంతంగా విప్పకుండా తెలిసినవారికి ఇవ్వండి. లేకపోతే గాలి చొరని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో దాచండి. తోలుసంచిలో పెడితే చెమ్మ పడుతుంది. కొత్త లెన్సులు ఇంతకన్నా పదునైనవే, కాదనను. కానీ ఈ లెన్సు తొందరపడనివ్వదు.

మగ్గం పక్కన పెద్దమ్మ, గుంటలో అన్నయ్య, సగం నేసిన గళ్ళలుంగీ ఉన్న ఆ ఫోటోను పెద్దగా అచ్చు వేయించి పంపాను. పెదనాన్నగారి పటం పక్కనే తగిలించారట.