ఎయిర్ పట్టిన బండి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ముందుగా ఒక పాత అబద్ధం గుర్తొచ్చింది. ఆరో తరగతి నుంచి పది దాకా ఇక్కడ ఉన్నాను. మీ నాన్న ఏం చేస్తాడని ఎవరడిగినా "ట్రాన్స్‌పోర్టులో" అనేవాణ్ణి. మా నాయన కారు డ్రైవరు. ఆ మాట చెప్పడానికి నామోషీ పడ్డాను.

ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ చేతికందింది మొదట నాకే. పోయిన వేసవి సెలవులకు ఇంటికెళితే వేపచెట్టు కింద పాత డీజిల్ అంబాసిడర్ ఉంది. బాకీపడ్డ జీతం కింద ఓనరు ఇచ్చాడట. ఉత్తరపారాలో ఈ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. నడిచే బండయితే ఇష్టపడి కొనేవాళ్లున్నారు, నడవకపోతే పాత ఇనుమే. అమ్మితే చెల్లి నర్సింగ్ ఫీజు కట్టాలని నాయన ఆశ.

స్టార్టయ్యేది. ఐదు నిమిషాలు నడిచి, ఆయాసపడి ఆగిపోయేది. డీజిల్ ఫిల్టరు మార్చాం. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు చేతిమీట కొడితే డీజిల్‌తో పాటు బుడగలు వచ్చేవి. ఎయిర్ పట్టిందన్న మాట. బుడగలు పోయేదాకా కొట్టి స్క్రూ బిగిస్తే మళ్లీ ఐదు నిమిషాలే.

ఒక మెకానిక్ చూసి, పెద్ద పంపు విప్పాలి, పదిహేను వేలవుతుందన్నాడు. నేను నమ్మాను. నాయన నమ్మలేదు.

"ఖరీదైన దాని జోలికి ఆఖర్న పోవాలి నాయనా. ముందు తేలికైనవి చూద్దాం."

ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఊడదీసి, ఫీడ్ పంపుకు వేరే కొత్త గొట్టం తగిలించి, దాని రెండో కొసను డీజిల్ డబ్బాలో ముంచాడు. ఇంజను అరగంట ఆగకుండా నడిచింది. అంటే పంపులో ఏ లోపమూ లేదు. తప్పు ట్యాంకుకూ పంపుకూ మధ్యనే ఉంది.

నేను టార్చి పట్టుకుని బండి కిందికి దూరాను. ఎక్కడా డీజిల్ చుక్క లేదు. అంతా పొడిగా ఉంది.

"కారే చోటు వెతుకుతున్నావు నువ్వు. అది కారదురా, పీలుస్తది," అన్నాడు నాయన.

సిగ్గేసింది. పంపు లాగుతున్నప్పుడు ఆ గొట్టంలో పీడనం బయటి గాలికన్నా తక్కువ. కాబట్టి పగులుంటే డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. ఎనిమిదో తరగతిలో ఇదే హాస్టల్ వరండాలో కూర్చుని బట్టీ పట్టిన పాఠమే అది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ కళ్ల ముందుకొస్తే గుర్తుపట్టలేకపోయాను. ఐదో తరగతితో బడి మానేసిన మా నాయన గుర్తుపట్టాడు.

ఇనుప పైపు కొసకు తొడిగిన రబ్బరు గొట్టం ఎండి, క్లిప్పు కింద వెంట్రుకంత పగిలింది. కొత్త గొట్టానికీ రెండు క్లిప్పులకూ రెండు వందలు కూడా కాలేదు. ఆ సాయంత్రం చెల్లిని ఎక్కించుకుని చెరువుకట్ట దాకా వెళ్లి వచ్చాం. బండి ఎక్కడా ఆగలేదు.

నెల తిరక్కుండా అమ్ముడుపోయింది. చెల్లి ఫీజు కట్టాం.

సెలవులయ్యాక నా గోళ్లలో గ్రీజు చూసి రూమ్మేటు అడిగాడు, మీ నాన్న ఏం చేస్తాడని. "కారు డ్రైవరు. బండి రిపేరు కూడా బాగా తెలుసు," అన్నాను.

తమ్ముళ్లూ, ఈ హాస్టల్లో నేను ఐదేళ్లు దాచిన మాట అదే. మీరు దాచకండి.