వెనక వచ్చే బండికీ ఒక బ్రేకు



ఇల్లూ బండీ ఒక్కటే అయిన వాహనాన్ని మీలో కొందరు బొమ్మల్లోనైనా చూసే ఉంటారు. అమెరికాలో దాన్ని మోటర్‌హోమ్ అంటారు. పడక, పొయ్యి, స్నానాల గది అన్నీ అందులోనే ఉంటాయి. ఉద్యోగాలనుంచి విరమించుకున్న తర్వాత మేమిద్దరం టెక్సాస్‌లోని మా ఇంటినుంచి, పశ్చిమ కొలరాడోలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి ఏటా ఇలాంటి బండిలోనే వెళ్తున్నాం. అలసినచోట ఆగవచ్చు, మా పథ్యం మేము వండుకోవచ్చు. సెలవుల్లో మనవలు కూడా మాతో ఎక్కుతారు.

అయితే అంత పెద్ద బండి బజారు వీధుల్లో తిరగదు. అందుకని చాలామంది ఒక చిన్నకారును వెనక తగిలించుకుని వెళ్తారు. టో బార్ అనే ఇనుప కడ్డీ కారు ముందుభాగానికి బిగిస్తే, కారు తన నాలుగు చక్రాలమీద తానే దొర్లుతూ వెంట వస్తుంది. అన్ని కార్లూ ఇందుకు పనికిరావు. మాది 2012 నాటి హోండా సీఆర్‌వీ. 2015 నుంచి ఆ కారుకు వేరే రకం గేర్లు పెట్టారు గనుక, అప్పటినుంచి వచ్చినవాటిని ఇలా లాగకూడదు. ఏ కారునైనా దాని పుస్తకంలో చూసుకున్నాకే తగిలించాలి.

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. వెనక వచ్చే కారులో మనిషి ఉండడు. బ్రేకు ఉన్నా దానిమీద పెట్టడానికి కాలు లేదు. మరి ముందుబండి ఆగినప్పుడు వెనకదాన్ని ఎవరు ఆపాలి?

మాకు మోటర్‌హోమ్ అమ్మినవారు, "చిన్నకారే గదా, వెనక ఉన్నట్టు మీకు తెలియనే తెలియదు" అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. చదునైన రోడ్డుమీద లాగేటప్పుడు నిజంగానే తెలియదు. తెలిసేది ఆపేటప్పుడు. ఎడ్లబండి కాలువగట్టు ఎక్కేటప్పుడు ఎడ్లు ఎంత కష్టపడినా ప్రమాదం తక్కువ. దిగేటప్పుడే బరువంతా కాడిమీదికి తోసుకొస్తుంది. అందుకే పెద్దలు వెనకనుంచి బండిని పట్టుకుని ఆపుకుంటూ దిగేవారు. ధాన్యం బస్తాలు నింపిన ట్రాక్టరు ట్రక్కుకు బ్రేకులు లేకపోతే, దిగుడులో అది ట్రాక్టరును పక్కకు తోసి పడేయడం మన ఊళ్ళవారికి కొత్తగా చెప్పనక్కరలేదు.

మా మోటర్‌హోమ్ ఫోర్డ్ ఈ-450 చట్రంమీద కట్టినది. దాని గరిష్ఠ బరువు 14,500 పౌండ్లు, అంటే సుమారు ఆరున్నర టన్నులు. వెనక లాగేదానితో కలిపి 22,000 పౌండ్లదాకా పోవచ్చని కంపెనీ లెక్క. ఈ రెండో అంకె చూసి మనకు చాలా చోటు ఉందనిపిస్తుంది. కాని అది లాగడానికి ఇచ్చిన లెక్క, ఆపడానికి ఇచ్చింది కాదు. లాగే బండి బ్రేకులు దాని సొంత గరిష్ఠ బరువుకే సరిపోతాయి, వెనక వచ్చేది 1,500 పౌండ్లు మించితే దానికి వేరే బ్రేకు ఉండాలి అని ఫోర్డ్ వారి టోయింగ్ గైడులోనే ఉంది. మా కారు బరువు సుమారు 3,400 పౌండ్లు. ఇక చట్టం సంగతి రాష్ట్రానికొక తీరు. చాలాచోట్ల 3,000 పౌండ్లు దాటితే బ్రేకు తప్పనిసరి. మాకు మాత్రం చట్టంకంటే బండి చేసినవారి మాటే ముఖ్యమనిపించింది. కొండదారికి రాష్ట్రాల హద్దులు తెలియవు గదా!

మా సంఘంలో మెకానిక్ పని చేసే సహోదరుడొకరు ఉన్నారు. ఆయన కాగితంమీద ఒక లెక్క వేసి చూపించారు. గంటకు 60 మైళ్ళ వేగంతో పోయే కారులో ఉండే ఊపు, అదే కారును సుమారు 37 మీటర్ల ఎత్తునుంచి జారవిడిచినంత. రెండు తాటిచెట్లు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినంత ఎత్తన్నమాట. "ఆ ఊపును ఎవరో ఒకరు మింగాలి. కారు బ్రేకులు మింగకపోతే మీ ముందుబండి బ్రేకులే మింగాలి. అవి వేడెక్కి పట్టు వదిలేస్తే, ముందు పోయేవాళ్ళు మింగాలి" అన్నారాయన. ఆ చివరి మాట మా ఇద్దరికీ చాలా రోజులు నిద్రలోకి కూడా వచ్చింది.

ఇక ఏ బ్రేకు కొనాలన్నది మిగిలింది. మేము చూసినవి మూడు రకాలు.

మొదటిది పెట్టె రకం. బ్రేక్ బడ్డీ వంటివి ఇందులోకి వస్తాయి. చిన్న సూట్‌కేసంత పెట్టెను డ్రైవరు సీటు ముందు పెట్టి, దాని చేతిని పెడల్‌కు తగిలించాలి. బండి వేగం తగ్గడాన్ని అదే పసిగట్టి పెడల్ నొక్కుతుంది. ఒక కారునుంచి మరొక కారుకు మార్చుకోవచ్చు, షాపులో బిగించే ఖర్చు తక్కువ. కాని కారు వాడుకోవాలన్నప్పుడల్లా తీయాలి, మళ్ళీ తగిలించాలి, ఎంత గట్టిగా నొక్కాలో సరిచూసుకోవాలి.

రెండోది తోపు రకం. రెడీ బ్రేక్ అనేది ఇలాంటిది. ముందుబండి నెమ్మదించగానే కారు టో బార్‌ను ముందుకు తోస్తుంది. ఆ తోపుతోనే ఒక ఇనుప తీగ పెడల్‌ను లాగుతుంది. కరెంటుతో పని లేదు, చెడిపోయే భాగాలు తక్కువ. అయితే పొడవైన దిగుడులో కారు తోస్తున్నంతసేపూ బ్రేకు కొంత పట్టుకునే ఉండే అవకాశం ఉంది.

మూడోది కారులోనే శాశ్వతంగా బిగించే రకం. స్టే ఇన్ ప్లే డుయో అలాంటిది. చిన్న గాలి కంప్రెసరు ఒకచోట దాగి ఉంటుంది. ముందుబండి బ్రేకు దీపం వెలిగి, వేగం కూడా తగ్గినప్పుడే అది పెడల్‌ను లాగుతుంది. ఇంజను ఆపిన కారులో పెడల్ రెండు మూడుసార్లు నొక్కితే రాయిలా గట్టిపడటం మీరు గమనించే ఉంటారు. ఈ యంత్రం ఆ పవర్ బ్రేకుకు కావలసిన వాక్యూమ్ కూడా తానే ఇస్తుంది గనుక మెత్తగా నొక్కినా సరిపోతుంది. ఖర్చు మాత్రం ఎక్కువ. బిగింపు కూలితో కలిపితే పెట్టె రకంకంటే బాగా పైకి పోయింది.

మా వంటగది మరమ్మతుకని దాచిన డబ్బు కొంత ఉంది. ఆ సంగతి ఇద్దరం రెండు రాత్రులు మాట్లాడుకున్నాం. పెట్టె మంచిదే. నడుము బాగున్నవారికి, ఏ ఒక్క పనీ మరవనివారికి అది చాలు. కాని మాలో ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఒకరికి నడుము నొప్పి. వానలో, చీకట్లో, పిల్లలు ఆకలని ఏడుస్తున్నప్పుడు సీటు కిందికి వంగి ప్రతిసారీ ఆ పెట్టెను సరిగా అమర్చగలమా? "ఈ ఒక్కపూటకు ఫరవాలేదులే" అనిపించే రోజు వయసు మళ్ళినవారికి తప్పక వస్తుంది. ఏది గొప్ప బ్రేకు అన్న ప్రశ్న వదిలేసి, అలసిపోయిన రోజున కూడా మేము తప్పక వాడే బ్రేకు ఏది అని అడుగుకున్నాం. అప్పుడు జవాబు తేలిపోయింది. వంటగది మరో ఏడాదికి వాయిదా పడింది.

ఏ రకం కొన్నా రెండు విషయాల్లో రాజీ పడవద్దని ఆ సహోదరుడు చెప్పారు. ఒకటి, తెగిపోతే పడే బ్రేకు. టో బార్ ఊడిపోతే ఒక సన్నని తీగ పిన్నును లాగి, మనిషి లేని కారు దానంతట అదే ఆగేట్టు చేస్తుంది. రెండోది, డ్రైవరు ముందు వెలిగే చిన్న దీపం. వెనక బ్రేకు పడినప్పుడు అది వెలగాలి, వదిలినప్పుడు ఆరాలి. పడాల్సినప్పుడు పడకపోవడం ఎంత ప్రమాదమో, పడి వదలకపోవడమూ అంతే ప్రమాదం. మైళ్ళ తరబడి పట్టుకుని ఉన్న బ్రేకు కాలిపోతుంది.

కొలరాడోలో ఐ-70 రోడ్డు ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గర 11,000 అడుగులు దాటిన ఎత్తున కొండను దాటుతుంది. సొరంగం దాటి పడమటికి సిల్వర్‌థోర్న్ చేరేలోగా రెండు వేల అడుగులకు పైగా దిగాలి. బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగడానికి పక్కన ఎత్తుగా కంకర బాటలు కట్టి ఉంటాయి. అంత దిగుడును ఏ బ్రేకూ ఒంటరిగా మోయలేదు. పైననే చిన్న గేరు వేసుకుని, ఇంజనే బండిని పట్టి ఉంచేట్టు నెమ్మదిగా దిగాలి. బ్రేకును అవసరానికి దాచుకోవాలి.

బ్రేకు బిగించిన ఏడాది ఆ దిగుడులోనే ఒక మలుపు తిరిగేసరికి ముందు బండ్లన్నీ ఆగి ఉన్నాయి. వెనక సీట్లో ఇద్దరు మనవలు. కాలు పెడల్‌మీద పడింది, ఎదురుగా చిన్న ఎర్రదీపం వెలిగింది. వెనకనుంచి తోపు లేదు, బండి తిన్నగా నిలబడింది. మా ముందున్న పాత కారు వెనక అద్దంలోంచి ఒక పసిబిడ్డ మమ్మల్నే చూస్తోంది. ఆ బిడ్డ తల్లిదండ్రులకు మా బ్రేకు సంగతి ఏమీ తెలియదు, తెలియనక్కరలేదు కూడా.

ఇప్పుడు ప్రతి ప్రయాణానికి ముందు ఐదు నిమిషాలు దీనికే కేటాయిస్తాం. బ్రేకు చేసినవారు చెప్పిన పద్ధతిలో పరీక్షించి, కారు పెడల్ కిందికి దిగిందో లేదో చూస్తాం. తీగలు, గొలుసులు, దీపాలు, బ్యాటరీ చూసుకుంటాం. మొదటి మజిలీలో ఆగి, చక్రాల దగ్గర చెయ్యి ఆనించకుండా వేడి చూస్తాం.

మీలో మోటర్‌హోమ్ ఉన్నవారు కొద్దిమందే ఉంటారు. కాని ట్రాక్టరు ట్రక్కు ఉన్నవారు చాలామంది. బావి చుట్టూ పిట్టగోడ కట్టేది దారి తెలిసిన మనకోసం కాదు, తెలియక వచ్చే పొరుగువారి బిడ్డకోసం. బండి లాగగలదా అని ఇంజనును అడిగినట్టే, ఆపగలదా అని బ్రేకును కూడా అడగండి. తర్వాతే బరువు ఎక్కించండి.